గీతలో ఖాళీ

టామ్సిన్ రూర్క్ మా ఆఫీసుకి జనవరిలో వచ్చింది. ఆమె చేసిన తప్పల్లా అదేనని తర్వాత విచారణలో అందరం కలిసి తేల్చాం. తేల్చినవాళ్ళలో అందరికంటే ముందున్నది నేనే.

మాది వరద హెచ్చరిక కేంద్రం. కెనడాలోని మానిటోబాలో సూరెట్ నది పొడుగునా పదకొండు గేజీలున్నాయి. ఒక్కోటి పావుగంటకోసారి నీటిమట్టం ఎంతుందో పంపుతుంది, మా స్క్రీన్ మీద ఒక నల్ల చుక్క పడుతుంది. గీతల్లేవు, రంగుల్లేవు, తెల్ల గోడ మీద ఈగలు వాలినట్టు చుక్కలు మాత్రమే. బయటివాళ్ళు చూస్తే నవ్వుతారు. ఇరవై తొమ్మిదేళ్ళు ఆ ఈగల్ని చూసే నేను ఇల్లు కట్టాను, ఇద్దరు పిల్లల్ని చదివించాను.

ఏప్రిల్లో నది మీద మంచు విరుగుతుంది. అప్పుడు చుక్కలు మర్యాదగా నడవవు, ఎగిరెగిరి పడతాయి. అలా ఎగిరి ఎగిరి ఒకచోట అసలు పడవు. ఆ పడని చుక్కే మాకు అసలు చుక్క. ఎగువన గడ్డలు పేరుకుని కట్టిన అడ్డుకట్ట తెగిందని, లారీలంత మంచుగడ్డలు వచ్చి గేజీని స్తంభంతో సహా పెకలించుకుపోయాయని దానర్థం. గేజీ నోరు పడిపోయిన రెండు గంటలలోపు ఆ నీళ్ళు కింది ఊరికి చేరతాయి. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. నాకు పని నేర్పినాయన నోటితో చెప్పాడు, ఆయనకి మరొకాయన చెప్పాడు.

ఆ చలికాలం మా పై అధికారి గార్త్ పెనర్‌కి ఈ చుక్కలు నచ్చలేదు. మంత్రిగారి మనుషులు వచ్చినప్పుడు చూపించడానికి సిగ్గుగా ఉందట. ఎవరు చూసినా ఇట్టే అర్థమయ్యే బొమ్మ కావాలన్నాడు. ఎవరికైనా అర్థమయ్యేటప్పుడు ఈ గదిలో నలుగురెందుకు, ముగ్గురు చాలరా అని కూడా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గార్త్ మనుషుల్ని పంపించేసే మాటలన్నీ నవ్వుతూనే అంటాడు. నలుగురిలో వయసులో పెద్దవాణ్ణి నేను, యాభై ఎనిమిది. జీతం ఎక్కువ తీసుకునేది నేనే. పెన్షన్‌కి ఇంకా రెండేళ్ళుంది. పోయే కుర్చీ ఎవరిదో చెప్పడానికి జోస్యం రానక్కర్లేదు.

ఆ బొమ్మ గీయడానికే టామ్సిన్‌ని టొరంటో నుంచి పిలిపించారు. ఏప్రిల్లో మీకు ఊపిరి సలపదు, జనవరిలో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు, ఆ అమ్మాయికి చెప్పేదేదో అప్పుడే చెప్పెయ్యండి అన్నాడు గార్త్. వంటవాడి పనితనం చూడాలనుకుని పెళ్ళిళ్ళు లేని నెలలో వాడి ఇంటికెళ్ళి కూర్చున్నట్టుంది వ్యవహారం. ఇలాంటి తెలివి మా ఆఫీసులకే వస్తుంది. పైగా నలుగురి టైమూ పాడుచెయ్యనన్నాడు. సీనియర్ని కాబట్టి నా పక్కన ఒక కుర్చీ వేయించి, వెండెల్‌కి తెలియనిది నదిక్కూడా తెలియదు, ఈయన్ని అడిగితే చాలని ఆమెకి చెప్పాడు.

టామ్సిన్‌కి ముప్ఫై దాటి ఉండవు. అంతకుముందు వచ్చిన బొమ్మలవాళ్ళు నాకు తెలుసు. నీలం కావాలా ఆకుపచ్చ కావాలా అని అడిగి, టీ తాగి పోయేవాళ్ళు. ఈమె అలా కాదు. ఏమీ అడగకుండా వెనక కూర్చుని చూసేది. నా కళ్ళు ఎటు తిరిగితే అటు తన కళ్ళు తిప్పేది. ఒళ్ళో పుస్తకం, దాన్నిండా టైములు. అడిగేవాళ్ళని బోల్తా కొట్టించడం తేలిక. చూసేవాళ్ళతోనే చిక్కు.

ఆమెని తరిమెయ్యాలని చూశాను, దాచడం దేనికి. రెండోవారం ఒక పొద్దున, గేజీని కళ్ళతో చూడనివాళ్ళకి చుక్క ఎలా అర్థమవుతుందమ్మాయ్ అన్నాను. నిజమే అంది పాపం. మైనస్ ముప్ఫై నాలుగు చలిలో, పట్నం బూట్లు వేసుకుని, మిల్‌నర్ వంతెన దాకా కారులో వెళ్ళి, అక్కణ్ణించి అర కిలోమీటరు మోకాటి లోతు మంచులో నడిచింది. అక్కడ చూడ్డానికి ఒక ఇనప స్తంభం, ఒక డబ్బా తప్ప ఏమీ లేవు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఒక చెవి తమ్మె తెల్లబడి ఉంది. మా గదిలో ముగ్గురూ కాగితాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె నాకు థాంక్స్ చెప్పి, స్తంభం ఎంత ఎత్తుందో పుస్తకంలో రాసుకుంది.

మూడోవారం గురువారం, మధ్యాహ్నం సూప్ తాగుతుండగా మొదటిసారి అసలు ప్రశ్న వేసింది.

"వెండెల్ గారూ, నేను మిమ్మల్ని పదమూడు రోజులుగా చూస్తున్నానండి. చుక్కల దగ్గర మీరు ఒక్కసారి కూడా ఆగలేదు. చుక్క లేనిచోట ఆరుసార్లు ఆగారు. చెంచా చేతిలోనే ఉండిపోయేది మీకు. అక్కడ ఏం కనిపిస్తుందండీ?"

చెంచా గిన్నెలో పెట్టేశాను. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. గార్త్ అడగలేదు, నా పక్కన కూర్చునేవాళ్ళు అడగలేదు, కట్టుకున్న కొలెట్ అడగలేదు. చెప్పెయ్యాలనిపించింది. ఏప్రిల్ గురించి, నోరు పడిపోయిన గేజీ గురించి, నాకు చెప్పినాయన గురించి, అన్నీ. ఆ పిల్ల ముఖంలో ఉన్న శ్రద్ధ చూస్తే ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చెప్పాక ఏమవుతుంది? ఏరు దాటాక తెప్ప తగలేస్తారు. నా కంట్లో ఉన్నది ఆమె బొమ్మలోకి వెళ్ళిపోతే నా కన్ను ఎవరిక్కావాలి?

"బ్యాటరీలమ్మా," అన్నాను. "చలికి చచ్చిపోతాయి. ఒక్కోసారి గంట, ఒక్కోసారి పూట."

"అంటే ఖాళీకి అర్థం ఏమీ లేదా?"

"ఖాళీకి అర్థమేముంటుంది? ఖాళీ అంటే ఖాళీ. అటు చుక్కకీ ఇటు చుక్కకీ గీత లాగేసుకో. చూడ్డానికీ బాగుంటుంది."

రాసుకున్నది పైకి చదివి వినిపించింది. ఖాళీలు, బ్యాటరీ, నింపవచ్చు, వెండెల్. సరేనా అంది. సరేనన్నాను.

నేనేమీ రాక్షసుణ్ణి కాదు, నాకో లెక్కుంది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ బొమ్మ బోర్లా పడుతుంది. నా పాత చుక్కలు నా దగ్గరే ఉంటాయి. వాటిని పట్టుకుని ఆ పూట గట్టెక్కిస్తాను. అప్పుడు నలుగురి కళ్ళూ కావాల్సిందేనని గార్త్ తనే అంటాడు. ఎవరికీ ఏమీ కాదు, నా కుర్చీ నాకుంటుంది. అందరూ తెలివైనవాడంటే నిజమేననుకునే వయసు నాది.

ఫిబ్రవరి ఆఖరికి బొమ్మ తయారైంది. గోడంతా పట్టే స్క్రీన్ మీద పదకొండు ఆకుపచ్చ గీతలు, తెగకుండా, వంకర లేకుండా. నీళ్ళు పెరిగితే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. గేజీ పలక్కపోతే పాత మట్టాన్నే ముందుకి లాగుతూ పోతుంది, కొత్త చుక్క వచ్చేదాకా. గార్త్ చప్పట్లు కొట్టాడు. ఏదైనా తప్పుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత కష్టమని టామ్సిన్ నావైపే చూసి అడిగింది. చాలా బాగుందన్నాను. నిపుణుడు పరిశీలించాడని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టాను. మార్చితో ఆమె ఒప్పందం అయిపోయింది, వెళ్ళిపోయింది.

నా లెక్కలో లేనిది ఒకటే జరిగింది. ఆ బొమ్మ గార్త్‌కి ఎంత నచ్చిందంటే, దాన్ని నది ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళందరి ఫోన్లలోకీ పంపించాడు.

మిల్‌నర్ వంతెనకి ముప్ఫై కిలోమీటర్లు దిగువన టర్టిల్‌బెండ్ అని చిన్న ఊరు. అక్కడ కరకట్ట లోపలివైపు, కట్ట అడుగున, ఊళ్ళో చేరిన నీళ్ళని నదిలోకి తోడే పంపుల గొయ్యి ఉంది. దాన్ని చూసుకునేవాడు లెనార్డ్ బ్రూనో, కొలెట్‌కి అన్న. పదహారేళ్ళుగా, మంచు విరిగే రోజుల్లో పొద్దున ఏడున్నరకి నాకు ఫోన్ చేసేవాడు. ఏమంటోంది బావా అనేవాడు. పోరా అంటే గొయ్యిలోకి దిగేవాడు, ఆగరా అంటే ఆగేవాడు. ఏ కాగితం మీదా లేని పద్ధతి అది.

ఆ ఏడు ఈస్టర్ భోజనానికి మా ఇంటికొచ్చాడు. హామ్ ముక్క ఒక చేత్తో, ఫోన్ ఒక చేత్తో పట్టుకుని బల్ల చుట్టూ అందరికీ ఆకుపచ్చ గీత చూపించాడు.

"ఇక మీ ఆయనకి దణ్ణాలు పెట్టక్కర్లేదే కొలెట్," అన్నాడు. "పదహారేళ్ళు బతిమాలించుకున్నాడు, ఏదో నది వాళ్ళ తాతదైనట్టు. ఇప్పుడు బావ నా జేబులో ఉన్నాడు. తిట్టడు, సణగడు, రంగు కూడా బాగుంది."

అందరూ పగలబడి నవ్వారు, కొలెట్ కూడా. నేనూ నవ్వాను. ఆ క్షణాన అయినా చెప్పాల్సింది, ఒరే ఆ గీతని నమ్మకు, నాకు ఫోన్ చెయ్యమని. చెబితే ఎందుకు నమ్మకూడదో చెప్పాలి. సంతకం ఎందుకు పెట్టావంటారు. ఇంకొంచెం హామ్ వడ్డించుకున్నాను. మర్నాటినుంచి ఏడున్నరకి ఫోన్ మోగడం మానేసింది.

ఏప్రిల్ పంతొమ్మిది, మంగళవారం. ఆరునుంచీ మిల్‌నర్ దగ్గర చుక్కలు ఎగురుతున్నాయి. ఏడుంబావు చుక్క పడింది. ఏడున్నర చుక్క పడలేదు. గోడ మీద ఆకుపచ్చ గీత మాత్రం పచ్చగా, చక్కగా, ముందుకి సాగింది. మూలనున్న నా పాత స్క్రీన్లో ఖాళీ. మిల్‌నర్ గేజీ పోయిందని నాకు ఆ నిమిషానే తెలుసు.

గార్త్ దగ్గరికి వెళ్ళి, మిల్‌నర్ వ్యవహారం బాగాలేదు, టర్టిల్‌బెండ్‌కి హెచ్చరిక పంపుదామన్నాను. గార్త్ గోడవైపు చూశాడు.

"నిలకడగా ఉంది కదా వెండెల్. పసుపు కూడా కాలేదు. దేన్ని చూసి అంటున్నారు?"

ఒక్క వాక్యం చాలు. ఆ గీత ఉత్త గీత, దాని కింద చుక్కల్లేవు, అలా గీయమని చెప్పింది నేనే. ఎనిమిది సెకన్లు పట్టే మాట. నా నాలుక మీదికి వచ్చింది కూడా. పెన్షన్, సంతకం, గార్త్ నవ్వు, మూడూ కలిసి దాన్ని మళ్ళీ లోపలికి తోసేశాయి.

"ఏదో అనుమానం," అన్నాను. "ఇంకో రెండు రీడింగులు చూద్దాం."

నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. ఫోన్ నా చేతికి అందేంత దూరంలో ఉంది. లెనార్డ్ నంబరు నాకు నిద్రలో కూడా వచ్చు. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. వాడే చెయ్యాలనుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వాడు ఫోన్ చేసి, ఏమంటోంది బావా అని అడగాలని. ఈస్టర్‌నాటి నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. టైముంది, నీళ్ళు రావడానికి తొమ్మిదవుతుంది, అడగనీ అనుకున్నాను. ముప్పావు చుక్క పడలేదు. ఎనిమిది చుక్క పడలేదు. ఫోన్ మోగలేదు.

ఎనిమిదీ ఇరవైకి నేనే చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. వాడు ఎనిమిదింటికే గొయ్యిలోకి దిగి ఉంటాడని, అక్కడ ఫోన్ అందదని నాకు తెలియదా? తెలుసు. అప్పుడు లేచి అరిచాను. నా అరుపు విని గార్త్ బెదిరి, ఏమీ అడక్కుండా హెచ్చరిక పంపాడు. ఎనిమిదీ యాభైకి టర్టిల్‌బెండ్‌లో సైరన్ మోగింది. ఊరంతా కట్ట పక్కనుంచి కదిలి మెరక మీదికి వెళ్ళింది. లెనార్డ్ పంపుల పక్కన, ఆ ఇంజన్ల రొదలో ఉన్నాడు. తొమ్మిదీ పదికి గడ్డలు కట్ట దాటాయి. మూడోరోజుక్కానీ గొయ్యి తోడలేకపోయారు. వాడి జేబులో ఫోన్ ఉంది.

విచారణ జూన్‌లో జరిగింది. బొమ్మ గీసింది టామ్సిన్, కాబట్టి ఆమెని పిలిపించారు. ఆమె పుస్తకం తెచ్చింది. ఒక్క పేజీ చింపకుండా, ఒక్క మాట దిద్దకుండా వాళ్ళ ముందు పెట్టింది. ఖాళీలు, బ్యాటరీ, నింపవచ్చు, వెండెల్. అధికారి అది పైకి చదివి నా వైపు తిరిగాడు. వెనక వరసలో నల్ల కోటు వేసుకుని కొలెట్ కూర్చుంది.

నేను తడుముకోలేదు. రెండునెలలుగా ఆ జవాబు రోజూ నమిలి మెత్తబరిచాను.

"చెప్పిన మాట నిజమేనండి. ఆవిడ అడిగింది జనవరిలో. జనవరిలో ఖాళీ అంటే బ్యాటరీయే. ఏప్రిల్లో ఖాళీ అంటే వేరు, అది మా గదిలో ప్రతివాడికీ తెలుసు. ఆవిడ ఏప్రిల్ గురించి అడగలేదు."

పక్కవాళ్ళు ముగ్గురూ తలలూపారు. గార్త్ అందరికంటే ఎక్కువ ఊపాడు, జనవరిలో రమ్మన్నది తనే కదా అని ఎవరూ అడక్కుండా. మరి బొమ్మ చూసి ఎందుకు సంతకం పెట్టారన్నారు. ఫిబ్రవరిలో చూపించారు, ఫిబ్రవరికి అది సరిగ్గానే ఉందన్నాను. అందులోనూ అబద్ధం లేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, టై కట్టుకున్న విచారణాధికారి ఏం పడతాడు.

టామ్సిన్ వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. నా జవాబు కూడా పుస్తకంలో రాసుకుంది. రాస్తూ రాస్తూ ఆగి, నిజమే, నేను ఒక్క కాలమే చూశాను, అంది. ఆ మాటే తీర్పులో మొదటి వాక్యమైంది.

బయట నడవలో కొలెట్ ఆమెకి ఎదురెళ్ళింది. ముప్ఫై మూడేళ్ళ కాపురంలో కొలెట్ ఒకళ్ళని నొప్పించగా నేను చూడలేదు.

"మా అన్న నీ బొమ్మ చూసుకుని చచ్చాడమ్మా," అంది. "నువ్వు బతికినన్నాళ్ళూ ఏ గీత గీసినా వాడి ముఖం కనపడాలి నీకు."

టామ్సిన్ పుస్తకాన్ని గుండెకి హత్తుకుని నిలబడింది, అవునండీ అంది. నేను కొలెట్ భుజం మీద చెయ్యి వేసి, పోనీలే, చిన్నపిల్ల, తెలియక చేసింది అని కారు దగ్గరికి తీసుకొచ్చాను. నడవలో ఉన్నవాళ్ళంతా నా మంచితనం చూశారు. బొమ్మలో ఖాళీలు మళ్ళీ పెట్టడానికి ఒక పూట పట్టింది. గార్త్ ఎవరినీ పంపించలేదు, నలుగురమూ ఉండాల్సిందేనన్నాడు. నా లెక్క అక్షరాలా నిజమైంది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఇంటికి ఫోన్ వచ్చింది. టామ్సిన్‌కి ఎవరూ పని ఇవ్వడం లేదని అప్పటికే విన్నాను. గొంతు పోల్చుకోవడానికి కొంచెం టైము పట్టింది.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టనండి, ఒక్క మాట తెలుసుకుని పెట్టేస్తాను," అంది టామ్సిన్. "ఇంకెక్కడైనా ఈ పని నాకు చేతవుతుందా లేదా అని తేల్చుకోవాలి. నేను ఏప్రిల్లో వచ్చి, మీ పక్కన కూర్చుని, అదే ప్రశ్న అడిగుంటే మీరు చెప్పేవారా?"

లేదమ్మా అంటే చాలు. నువ్వు సరిగ్గానే చూశావు, సరైన చోటే అడిగావు, నేనే అబద్ధం చెప్పాను అంటే చాలు. ఆ పిల్ల తన పని తను మళ్ళీ తీసుకునేది. విచారణ ముగిసిపోయింది, నన్ను పీకేవాడు లేడు. వంటింట్లో కొలెట్ పళ్ళేలు సర్దుతోంది, ఆమెకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పినా సరిపోయేది.

"చెప్పేవాణ్ణే," అన్నాను. "అడిగుంటే ఎందుకు చెప్పను?"



"అయితే తప్పు నాదేనండి," అంది. "నాతో అన్ని రోజులు ఓపిగ్గా కూర్చున్నారు. థాంక్స్."

ఎవరని కొలెట్ అడిగింది. రాంగ్ నంబరని చెప్పి, వెళ్ళి బల్ల దగ్గర నా చోట్లో కూర్చున్నాను.